అత్తమ్మ పోతే ఇంటికి అరిష్టమట, వారంలో ఖాళీ చేయాలట

హనుమకొండ నుంచి ఒక చెల్లెమ్మ పెద్ద ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది, వేయడం లేదు. ఉన్నదున్నట్టు వేస్తే ఓనర్ చదివినా గుర్తుపట్టేస్తాడు కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్తాను.

వీళ్లది జనగామ వైపు ఊరు. భర్త డ్రైవర్, కిరాయి పడితే రెండు మూడు రోజులు ఇంటికి రాడు. ఈమె ఇంట్లో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. ఇద్దరు పిల్లలు బడికి పోతారు. గోపాలపూర్ వైపు ఒక ఇంట్లో పై పోర్షన్‌లో మూడేళ్లుగా ఉంటున్నారు, కింద ఓనర్ కుటుంబం. కిరాయి ఇప్పుడు 8,000, అడ్వాన్స్ 24,000. చేరినప్పుడు 100 రూపాయల బాండ్ పేపర్ మీద 11 నెలలకు రాసుకున్నారు. అసలు కాగితం ఓనర్ దగ్గరే ఉంది, ఈమె దగ్గర ఫోన్‌లో తీసిన ఫొటో మాత్రమే ఉంది. గడువు అయిపోయాక మళ్లీ ఎవరూ రాయలేదు. కిరాయి ఓనర్ కొడుకు ఫోన్‌పేకు కొడతారు, రసీదు అన్న మాటే లేదు. ఇంకో సంగతి కూడా మధ్యలో రాసింది. వీళ్ల పోర్షన్‌కు మీటర్ వేరే, వీళ్ల రేషన్ కార్డు మీద గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం కింద జీరో బిల్లు వస్తోంది, అయినా ఓనర్ నెలకు 500 కరెంటుకని తీసుకుంటాడు.

అసలు గొడవ అత్తమ్మతో మొదలైంది. ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎంజీఎం దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇక ఇంట్లోనే చూసుకోండని పంపించారు. మంచం మీదే అన్నీ. ఓనర్ భార్య పైకి వచ్చి పలకరించి పోయింది. తెల్లారి ఓనర్ వచ్చి అన్న మాటలు ఇవి: "మా బిడ్డ పెళ్లి సంబంధాలు చూస్తున్నం. మీ ముసలమ్మకు ఏమన్నా అయితే ఇంటికి అరిష్టం. వారంలో ఖాళీ చేయండి. ఈలోపు ఏమన్నా అయితే శవాన్ని గేటు లోపలికి రానియ్య, చెప్తున్న." ఆ రోజు నుంచి మోటర్ పొద్దున పది నిమిషాలే వేస్తున్నాడు. మంచం పట్టిన మనిషి బట్టలు ఉతకడానికి ఈమె పక్కింటి నుంచి బకెట్లతో నీళ్లు మోసుకొస్తోంది. అడ్వాన్స్ అడిగితే బాత్రూం పక్క గోడ పాడు చేశారు, పెయింటింగ్ ఉంది, అన్నీ పోను ఏమీ మిగలదు అన్నాడట. ఆ గోడ చెమ్మ పైన ట్యాంకు కారడం వల్ల వచ్చిందని, రెండు వానాకాలాల నుంచి వాట్సాప్‌లో ఫొటోలు పెడుతూనే ఉన్నానని ఈమె అంటోంది.

భర్తేమో గొడవ మనకెందుకు, పైసలు పోతే పోయినయి, వెళ్లిపోదాం అంటున్నాడు. మరిది పోలీస్ కేసు పెడదాం అంటున్నాడు. పక్కింటామె యూట్యూబ్‌లో చూసిందట, కొత్త చట్టం వచ్చింది, రెండు నెలలకు మించి అడ్వాన్స్ తీసుకుంటే ఓనర్‌కు జైలే అంది. "మాకు నిజంగా ఏమన్నా హక్కు ఉందా? లాయర్‌కు ఇచ్చేంత మా దగ్గర లేదు. అత్తమ్మను చూసి మాకు ఇల్లు ఎవరిస్తరు?" ఇదీ ఉత్తరం.

చెల్లెమ్మా, మీ భయమంతా ఆ వారం గడువు మీద ఉంది కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. వారం అయిపోయిన తర్వాత ఆయన పైకి వచ్చి మీ సామాన్లు బయట పెట్టకూడదు, మీరు దవాఖానకు పోయినప్పుడు తాళం వేయకూడదు. ఖాళీ చేయమని అడిగే హక్కు ఆయనకు ఉంది, అది కాదనను. కానీ మీరు పోనంటే మిమ్మల్ని ఖాళీ చేయించడం కోర్టు పని. ఆయన పని కాదు, పోలీసుల పని అంతకన్నా కాదు. బాండ్ పేపర్ గడువు దాటిందని, రసీదు లేదని మీరు దొంగతనంగా ఉంటున్న వాళ్లు అయిపోరు. ఆయన కొడుకు ప్రతి నెలా కిరాయి తీసుకున్నాడు కదా, అదే మీరు కిరాయిదారులు అని చెప్పే సాక్ష్యం.

ఒకవేళ మొండిగా తాళమే వేశాడనుకోండి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద, కోర్టు ఆర్డర్ లేకుండా బయటికి పంపినవాళ్లు ఆరు నెలల్లోపు దావా వేస్తే ఇల్లు తిరిగి స్వాధీనం చేయమని కోర్టు చెప్పగలదు. ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నే అక్కడ రాదు, మిమ్మల్ని అక్రమంగా వెళ్లగొట్టారా లేదా అన్నదే చూస్తారు. ఆరు నెలలు దాటితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది.

ఇక ఆయన వైపు బలం ఎంతో కూడా తెలుసుకోవాలి, లేకపోతే రేపు ఆయన లాయర్ నోటీసు వచ్చిన రోజు మీరు కుంగిపోతారు. 11 నెలల కాగితం ముగిసిన తర్వాత కూడా మీరు ఉంటూ, ఆయన కిరాయి తీసుకుంటూ వచ్చారు కాబట్టి మీది నెలనెలా సాగే కిరాయి కింద లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కిరాయిని ముగించడానికి సంతకం పెట్టిన రాతపూర్వక నోటీసు 15 రోజుల ముందు ఇస్తే చాలు. కారణం చెప్పనవసరం లేదు. నోట్లోంచి వచ్చిన "వారం" చెల్లదు, కానీ రేపే ఆయన లాయర్ దగ్గరికి పోయి పద్ధతిగా నోటీసు పంపితే మీరు ఆపలేరు. ఆ 15 రోజులు దాటాక కూడా మీరు ఉంటే ఆయన కోర్టులో దావా వేయాలి, అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. అంతకాలం ఉండొచ్చు కదా అని మీ మరిది అనొచ్చు. ఉండొచ్చు, కానీ చివరికి ఓడితే నోటీసు గడువు తర్వాత ఉన్న కాలానికి మామూలు కిరాయి కంటే ఎక్కువ నష్టపరిహారం కట్టమని కోర్టు చెప్పే అవకాశం ఉంది. నోటీసులో ఏదో లొసుగు దొరికితే గెలుస్తాం అని కూడా అనుకోకండి, 2002లో చేసిన సవరణ తర్వాత ఆ లొసుగులు చాలావరకు పనికిరావు.

రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా అని ఎవరైనా అంటారు. ఉంది, 1960 నాటిది, మన దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. కిరాయి కట్టకపోవడం, వేరేవాళ్లకు కిరాయికి ఇచ్చేయడం, ఓనర్‌కే సొంతానికి కావలసి రావడం, ఇలాంటి కారణాలు రుజువైతే తప్ప ఖాళీ చేయించడానికి అది ఒప్పుకోదు. మంచి రక్షణే. కానీ 2005లో దానికి ఒక సవరణ చేశారు. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఇప్పుడు హనుమకొండలో 3,500కు బాత్రూం ఉన్న ఒక గది దొరకడమే గగనం, అంటే చట్టం పుస్తకంలో ఉంది, దాని కింద ఇల్లు మాత్రం ఎక్కడో ఒకటి అర ఉంటుంది. మీ 8,000 కిరాయికి ఆ తలుపు తెరుచుకోదు. పక్కింటామె చెప్పిన కొత్త చట్టం సంగతి కూడా అంతే. 2021లో కేంద్రం ఒక నమూనా చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది, రెండు నెలల అడ్వాన్స్ మాట అందులోదే. అది నమూనా మాత్రమే, మన రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప మీ ఓనర్‌ను కట్టిపడేయదు. జైలు మాట మరిచిపోండి. ఆ వీడియో చూపించి ఓనర్‌తో వాదిస్తే ఆయన లాయర్ నవ్వి పోతాడు, మీరు చెప్పే మిగతా నిజాలు కూడా తేలికైపోతాయి.

నీళ్ల సంగతిలో మాత్రం ఆయనది పూర్తిగా తప్పు. కిరాయి కడుతున్నంత కాలం ఇంటిని ఆటంకం లేకుండా వాడుకోనివ్వడం ఓనర్ బాధ్యత అని అదే ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్తుంది. మంచం మీద మనిషి ఉన్న ఇంటికి నీళ్లు ఆపి, వాళ్లంతట వాళ్లే పోయేలా చేయడం చాలామంది ఓనర్లకు అలవాటైన ఉపాయం, ఎందుకంటే దీంట్లో నోటీసూ అక్కర్లేదు, కోర్టూ అక్కర్లేదు. మీరు చేయాల్సిందల్లా రోజూ ఒకే సమయానికి, పొద్దున ఏడుకో సాయంత్రం ఆరుకో, కుళాయి తిప్పి చుక్క రాకపోవడం వీడియో తీయడం. వీడియోలో ఆ రోజు పేపరో, ఫోన్‌లో తేదీ కనిపించే తెరో పడేలా చూడండి. రేపు కరెంటు కూడా పీకేస్తే మాత్రం ఆలస్యం చేయకండి, మన కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్ నంబర్ 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి. కరెంటు మనిషికి కనీస అవసరం, ఓనర్ ఒప్పుకోలేదన్న సాకుతో కిరాయిదారుకు దాన్ని లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

పోలీసుల దగ్గరికి పోవాలా వద్దా అంటే, దేనికోసం పోతున్నారో తేల్చుకుని పొండి. అడ్వాన్స్ ఇప్పించండి అని పోతే ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి అంటారు, ఆ మాట నిజమే. పెద్దమనుషుల్లా పిలిచి సెటిల్ చేస్తాం అనే వాళ్లు ఉంటారు, అందులో బలం ఎటుంటే మాట అటు పోతుంది, నాకైతే నమ్మకం లేదు. కానీ ఆయన మీ పోర్షన్‌లోకి జొరబడినా, సామాన్లు విసిరినా, తాళం వేసినా, కొడతానన్నా, అప్పుడు సివిల్ మ్యాటర్ అన్న జవాబు సరిపోదు. వెంటనే 100కు ఫోన్ చేయండి, తర్వాత స్టేషన్‌లో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి ముట్టినట్టు సంతకమో ముద్రో వేయించుకోండి. మీ మరిదికి ఉన్న కోపం అర్థమవుతుంది, కానీ ఏమీ జరగకముందే కేసు పెట్టేస్తే, కింద ఓనర్, పైన మీరు, మెట్లు ఒకటే, భర్త ఊళ్లో లేని రోజుల్లో ఆ మెట్లు దిగేది మీరు.

ఇప్పుడు లాయర్ మాట. పైసలు లేవని రాశారు, మీకు పైసలు అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకూ, పిల్లలకూ, దివ్యాంగులకూ ఇంకొందరికీ కూడా ఇస్తారు, కానీ మీకు ఆడమనిషి అన్న ఒక్క అర్హతే చాలు, ఆదాయం సర్టిఫికెట్ కూడా అడగకూడదు. అందుకే దరఖాస్తు మీ ఆయన పేరు మీద కాకుండా మీ పేరు మీద పెట్టండి. హనుమకొండ అదాలత్ దగ్గర కోర్టుల ఆవరణలోకి పోయి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఎక్కడని అడగండి, గేటు దగ్గర ఎవరైనా చూపిస్తారు. దారిలో నల్లకోటు వేసుకున్న ఎవరో ఆపి నేను చూసుకుంటా అమ్మా అంటే వినకుండా ముందుకు నడవండి. అత్తమ్మను వదిలి పోలేకపోతే ముందు 15100కు ఫోన్ చేయండి, అది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ వారి నంబర్.

తెల్ల కాగితం మీద తెలుగులోనే రాసివ్వండి. పెద్ద భాష అక్కర్లేదు, ఎప్పుడు చేరారు, కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, ఏమన్నాడు, నీళ్లు ఎప్పటి నుంచి ఆపాడు, మీకు ఏం కావాలి, ఇంతే. వెంట ఆధార్ జిరాక్స్, బాండ్ పేపర్ ఫొటో ప్రింటు, ఫోన్‌పే హిస్టరీ, అత్తమ్మ డిశ్చార్జి కాగితం, గోడ గురించి మీరు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు తీసుకుపోండి. ఆ మెసేజ్‌లు ఉన్న ఫోన్‌ను మాత్రం ఈ గొడవ తేలేదాకా మార్చకండి, రీసెట్ చేయకండి. ప్రింటు ఎవరైనా తయారుచేయొచ్చు, ఫోన్‌లో ఉన్నదానికే విలువ.

అక్కడ రెండు రకాలుగా జరగొచ్చు. ఒకటి, కేసు వేయకముందే రాజీ కోసం ఓనర్‌కు కబురు పంపి ఇద్దర్నీ కూర్చోబెడతారు. ఆయన వస్తే, మీరు ఫలానా తేదీకి ఖాళీ చేస్తారు, ఆ రోజు ఆయన ఫలానా మొత్తం ఇస్తాడు, అప్పటిదాకా నీళ్లు వదులుతాడు అని రాసుకుంటే, దాన్ని లోక్ అదాలత్ అవార్డుగా చేస్తారు. దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేకపోవడం ఇద్దరికీ వర్తిస్తుంది, కాబట్టి మీరు నిజంగా పోగలిగే తేదీనే ఒప్పుకోండి, కూర్చోబెట్టిన ఒత్తిడిలో నెలాఖరుకు సరే అనేసి రాకండి. దీంట్లో ఉన్న లోటు ఏంటంటే ఓనర్ రానంటే బలవంతంగా తీసుకురాలేరు. అప్పుడు రెండో దారి, వాళ్లిచ్చిన లాయర్ ద్వారా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా, అంటే చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించొద్దు, నీళ్లు ఆపొద్దు అని ఆర్డర్. లాయర్ ఫీజు, కోర్టు ఫీజు మీ మీద పడవు. కానీ వాయిదాలకు తిరగాలి, ఆరోజు మిషన్ పని పోతుంది, ఉచిత లాయర్లలో శ్రద్ధగా చూసేవాళ్లూ ఉంటారు, ఫోన్ ఎత్తనివాళ్లూ ఉంటారు. ఎత్తకపోతే అదే ఆఫీసులో లాయర్‌ను మార్చమని అడగొచ్చు, మొహమాటపడకండి. ఇంకోటి, మీరు కోర్టుకు పోయారని తెలిసిన రోజే ఆయన కూడా నోటీసు ఇచ్చి ఖాళీ దావా వేస్తాడు. మీరు కొనుక్కుంటున్నది ఆ ఇంట్లో శాశ్వతంగా ఉండే హక్కు కాదు, కొంత సమయం.

ఆ సమయంతో మీరేం చేయాలనుకుంటున్నారన్నదే అసలు ప్రశ్న, ఉత్తరంలో మీరు అది రాయలేదు. నాకనిపించేది, ఆ మాట అన్న మనిషి ఇంట్లో ఏళ్ల తరబడి ఉండాలని మీకూ లేదు. అలాగైతే మీకు కావలసింది రెండు నెలల టైం, నీళ్లు, మీ 24,000. దీనికి కోర్టు దాకా పోకుండానే ముందు ఒక పని చేసి చూడొచ్చు. ఓనర్‌కూ ఆయన కొడుక్కూ ఇద్దరికీ వాట్సాప్ పెట్టండి, కోపం లేకుండా, ఇలా:

"నమస్తే అన్నా. మీరు వారంలో ఇల్లు ఖాళీ చేయమన్నారు. కిరాయి ఈ నెల దాకా కట్టేశాం. మా అత్తమ్మ మంచం మీద ఉంది కాబట్టి వెంటనే మారలేము, ఇల్లు చూసుకోవడానికి రెండు నెలలు కావాలి. ఖాళీ చేసే రోజు మా అడ్వాన్స్ 24,000 ఇవ్వాలని కోరుతున్నాం. అప్పటిదాకా ముందులాగే రోజూ రెండు పూటలా నీళ్లు వదలండి. బాత్రూం గోడ ట్యాంకు కారి పాడైందని ఇదివరకే ఫొటోలతో చెప్పాం."

ఇది బతిమాలడం లాగా కనిపిస్తుంది కానీ రేపు ఎవరి ముందు కూర్చున్నా పనికొచ్చే కాగితం ఇదే. అడ్వాన్స్ ఎంతో, ఖాళీ చేయమన్నది ఎవరో, నీళ్లు తగ్గించిన సంగతి, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన "ఏం గోడ, నీళ్లు పోయను పో" అని జవాబిచ్చినా మీకే లాభం. ఒక్కటే జాగ్రత్త, రెండు నెలలు అని మీరు రాస్తే దానికి కట్టుబడాలి, అందుకే పంపేముందు మీ ఆయనతో తేల్చుకోండి.

అడ్వాన్స్ దగ్గర ఆయన వాదన మీరనుకున్నంత బలమైంది కాదు. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పజెప్పాలి నిజమే, కానీ మామూలు వాడకంతో జరిగే అరుగుదల కిరాయిదారు లెక్కలోకి రాదని చట్టంలోనే ఉంది. ట్యాంకు కారి గోడ నానితే అది మీ వాడకం కూడా కాదు. పెయింటింగ్ మాటకొస్తే మీ బాండ్ పేపర్ ఫొటోను పెద్దది చేసి చివరి లైన్లు చదవండి, ఖాళీ చేసేటప్పుడు ఒక నెల కిరాయి పెయింటింగ్‌కు పట్టుకుంటాం అని మన దగ్గర చాలామంది రాయించుకుంటారు. ఉంటే ఆ 8,000 గురించి పట్టుబట్టకండి. లేకపోతే అడగనివ్వకండి. ఇక ఆ నెలనెలా 500. జీరో బిల్లు వస్తుంటే ఆయన దేనికి కడుతున్నట్టు? మోటర్ కరెంటుకు అంటాడేమో, అంటే ఎంత వాటా అని లెక్క చెప్పమనండి. బిల్లులు ఉంటే దాచిపెట్టండి, లేనివాటికి ఎన్పీడీసీఎల్ వెబ్‌సైట్‌లో మీ మీటర్ సర్వీస్ నంబర్ కొట్టి చూసుకోవచ్చు. దాన్ని వసూలు చేయడానికి వేరే యుద్ధం అక్కర్లేదు కానీ, ఆయన గోడ లెక్క తీసిన రోజు మీరు ఈ లెక్క తీయాలి.

ఆఖరి నెలల కిరాయి కట్టకుండా అడ్వాన్స్‌లో పట్టుకోమందాం అని కూడా మీవాళ్లు ఎవరో ఒకరు అంటారు. చాలామంది చేసే పనే, నాకూ అందులో పెద్ద తప్పు కనిపించదు, ఇవ్వనని ముందే చెప్పిన మనిషి దగ్గర పైసలు కాపాడుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు. కాకపోతే మీరు కిరాయి ఎగ్గొట్టారని చెప్పుకోవడానికి ఆయనకు చేతికి కర్ర ఇచ్చినట్టవుతుంది, ఇప్పటిదాకా ఒక్క నెల కూడా ఆపని మీ మంచి పేరు దెబ్బతింటుంది. చేస్తే మెసేజ్ పెట్టి, ఫలానా నెలలకు అడ్వాన్స్ నుంచి సర్దుకోండి అని చెప్పి చేయండి. న్యాయ సేవా సంస్థలో దరఖాస్తు పెట్టే ఉద్దేశం ఉంటే లాయర్‌ను అడగకుండా అసలు చేయకండి. కొడుకు ఫోన్‌పేలో బ్లాక్ చేస్తే బ్యాంకు అకౌంటుకు వేయండి, అదీ లేకపోతే కిరాయి సిద్ధంగా ఉంది ఎక్కడ ఇవ్వాలి అని రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

మీ ఆయన మాట కూడా కొట్టిపారేయలేను. ఆయన పిరికితనంతో అనడం లేదు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండలేని మనిషి భార్యాపిల్లల్ని కొట్లాట మధ్యలో వదిలి స్టీరింగ్ పట్టుకోలేడు. ఈ వారమే వెళ్లిపోతే ప్రశాంతత ఉంటుంది, కానీ 24,000 మీద చేయి పూర్తిగా వదిలినట్టే, తాళం చేతికిచ్చాక ఓనర్ ఫోన్ ఎత్తడు. చట్టం ప్రకారం మూడేళ్ల దాకా దావా వేయొచ్చు, న్యాయ సేవా సంస్థకు అప్పుడూ పోవచ్చు, కానీ ఇంట్లో ఉండి అడిగేదానికీ బయటికి పోయి అడిగేదానికీ చాలా తేడా. అన్నిటికంటే పెద్ద చిక్కు, కొత్తింటికి అడ్వాన్స్ ఎక్కడి నుంచి తెస్తారు? అప్పు చేస్తే దాని మిత్తి కూడా ఈయన పెట్టిన ఖర్చే.

అత్తమ్మ సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే దీనికి సెక్షన్ లేదు. కిరాయి ఇంట్లో మనిషి చనిపోకూడదని ఏ చట్టమూ చెప్పదు, శవాన్ని లోపలికి రానివ్వనని గేటు మూసే హక్కు ఏ ఓనర్‌కూ లేదు. మీరు కిరాయి కడుతున్నన్ని రోజులు అది మీ ఇల్లే, అక్కడ పుట్టేవాళ్లూ పోయేవాళ్లూ మీవాళ్లే. అయినా కిరాయి ఇంట్లో పోయినవాళ్లను గేటు బయట టెంటు కింద, వానలో పెట్టుకున్న సంగతులు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. సొంతిల్లు ఉన్నవాళ్ల ఇంట్లో ఎవరూ పోరన్నట్టు! నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. కానీ ఒళ్లు మండితే మీ పని కాదు.

ఓనర్ భార్య బ్లౌజులు మీరే కుడతారని రాశారు, ఆమె పైకి వచ్చి అత్తమ్మ చేయి పట్టుకుని మాట్లాడిందనీ రాశారు. ఆమెతో ఒకసారి ఒంటరిగా మాట్లాడి చూడండి. అరిష్టం గురించి వాదించకండి, వాదనతో ఆ భయం పోదు. మేం రెండు నెలల్లో పోతాం, మా పైసలు మాకివ్వండి, ఈలోపు ఏదైనా జరిగితే గొడవ పెట్టొద్దు, ఆ రోజు మా మనుషులం పద్ధతిగా చేసుకుని పోతాం, ఇంతే చెప్పండి. కాలనీలో ఆయన మాట వినే పెద్దమనిషి ఒకరుంటే ఆయన చెవిన కూడా వేయండి. ఊళ్లో మీకు ఇల్లుండి, అత్తమ్మే అక్కడికి పోతానంటే తీసుకుపోవడంలో తప్పు లేదు, మన వైపు చాలామంది ఆఖరి రోజులు సొంత ఊళ్లోనే గడపాలనుకుంటారు. అది ఆమె కోరిక అవ్వాలి, ఓనర్ గడువు కాదు. అక్కడ మందులూ నర్సూ దొరుకుతారో లేదో కూడా చూసుకోండి. మాటలతో పని జరగక, నిజంగానే ఆ రోజు గేటు మూస్తే, ఇద్దరు మనుషులు గేటు దగ్గర నిలబడి 100కు ఫోన్ చేయాలి, ఆ ఇద్దరూ ఎవరో ఇప్పుడే అనుకోండి. మీ మరిది కోపం ఆ రోజుకు పనికొస్తుంది.

కొత్తిల్లు చూసేటప్పుడు అత్తమ్మ సంగతి దాచకండి, చేరాక తెలిస్తే ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. కింది పోర్షన్ అడగండి, ఓనర్ వేరే చోట ఉండే ఇళ్లు ముందు చూడండి, అలాంటి వాళ్లకు కిరాయి సక్రమంగా వస్తే చాలు. కాగితం మామూలుగా 11 నెలలకే రాస్తారు, రాయనివ్వండి. కానీ రెండు కాపీలు రాయించి సంతకాలున్న ఒకటి మీరు తెచ్చుకోండి. అడ్వాన్స్ ఎంతో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, పెయింటింగ్‌కు పట్టుకుంటారో లేదో, ఖాళీకి రెండు వైపులా ఎంత నోటీసో అందులో ఉండాలి.

ఈ ఇల్లు వదిలే రోజు సామాన్లన్నీ దింపాక ప్రతి గదినీ, బాత్రూం గోడనూ, పైన ట్యాంకునూ వీడియో తీసుకోండి, మీటర్ రీడింగ్ ఫొటో తీసుకోండి. పైసలు అకౌంట్లో పడ్డ మెసేజ్ వచ్చాకే తాళంచెవి ఇవ్వండి. సాయంత్రం ఇస్తా, బ్యాంకు సర్వర్ డౌన్ అంటే, సరే అన్నా సాయంత్రమే వచ్చి ఇస్తాం అని తాళంచెవి మీ పర్సులోనే వేసుకోండి.